దూరము ఎవరి పాలు?

ఆదికాండము 13వ అధ్యాయమును ఒకసారి నెమ్మదిగా చదివి, ఆ తరువాత ఈ వ్యాసమును చదువవలెనని ప్రియ పాఠకులను కోరుచున్నాను. ఆ అధ్యాయములో గుడారములు ఉన్నవి, మందలు ఉన్నవి, ఇద్దరికి చాలని మేతభూమి ఉన్నది. మనలో గుడారములలో కాపురముండువారు ఎవరును లేరు. అయినను ఇల్లు ఎటువైపు మార్చవలెనను ప్రశ్న ఈ దినములలో మన కుటుంబములలో తరచుగా వినబడుచున్నది. పల్నాటిలోని మా గ్రామ సంఘమునుండి చదువుకొని వెళ్లిన పిల్లలలో అనేకులు హైదరాబాదులో స్థిరపడిరి. వారు సెలవులకు వచ్చినప్పుడు నన్నడుగు ప్రశ్నలలో పెండ్లి సంబంధముల తరువాత రెండవది ఇదియే: "అయ్యగారూ, ఫలానా వైపు ఇల్లు చూశాం. వెళ్లమంటారా, వద్దంటారా?"

కొందరు కాగితములు కూడ తెచ్చెదరు. రంగుల కాగితముపై ఈతకొలను, పచ్చిక, నవ్వుచున్న పిల్లలు. స్కూలు, ఆసుపత్రి, ఆఫీసులు అన్నియు "పది నిమిషాల దూరం" అని వ్రాసియుండును. ఆ పది నిమిషములు ఏ గడియారము ప్రకారమో నాకు నేటికిని బోధపడలేదు. ఆదివారము తెల్లవారుజామున నాలుగు గంటలకు ప్రయాణము చేసి చూచిరి కాబోలు. ఆ కాగితముపై చెయ్యి ఉంచి ప్రార్థించుమందురు. ప్రార్థించెదను. కాని దేవుడు ఒక పేట పేరు చీటీపై వ్రాసి ఎక్కడనో దాచియుంచెననియు, ఆ చీటీ దొరకువరకు మనము వెదకవలెననియు నేను తలంచుట లేదు. ఆయన మనలను అడుగునది వేరొక ప్రశ్న అని నా అభిప్రాయము. ఆ ప్రశ్న ఏదో తెలిసికొనుటకు నాకు చాలకాలము పట్టినది గనుక దానిని ఇచ్చట వ్రాయుచున్నాను.

గడచిన వేసవిలో మా ఇంటికి వచ్చిన ఒక కుటుంబము సంగతి ఇది. వ్రాయుటకు వారి అనుమతి తీసికొంటిని; పేర్లు మాత్రము చెప్పను. అతడు మా సంఘములో పెరిగినవాడు. హైదరాబాదు పడమటి వైపున గచ్చిబౌలిలో ఒక కంపెనీలో లెక్కలు చూచు ఉద్యోగము. భార్య సికింద్రాబాదులో ఒక ఆసుపత్రిలో 14 సంవత్సరములుగా స్టాఫ్ నర్సు. కొడుకు తొమ్మిదవ తరగతి, కూతురు నాలుగవ తరగతి. అతని తల్లికి 70 ఏండ్లు దాటినవి, మోకాళ్లు నొప్పులు. వారు నగరమునకు తూర్పున మౌలాలిలో ఒక ఇంటి క్రింది వాటాలో 11 ఏండ్లుగా అద్దెకున్నారు. అక్కడ దిగిన దినములలో అతని పని కూడ సికింద్రాబాదులోనే. తరువాత ఉద్యోగము మారెను, జీతము పెరిగెను, పని పడమటికి పోయెను. ఇల్లు మాత్రము తూర్పుననే నిలిచిపోయెను.

వారి యెదుట రెండు దారులున్నవి. ఒకటి, పడమటను ముంబయి రహదారిపైనున్న బీరంగూడకు మారుట. అక్కడినుండి గచ్చిబౌలి దగ్గర. రెండవది, ఇంకను తూర్పునకు ఘట్‌కేసరుకు పోవుట. అక్కడ ఆమె తండ్రి ఇచ్చిన 150 గజముల స్థలమున్నది. అప్పు చేసి రెండు గదులు వేసికొన్నయెడల అద్దె పోటు తప్పును, సొంత ఇల్లు అనిపించుకొనును.

మా వసారాలో కూర్చుండి అతడు ఒక కాగితము చూపెను. లెక్కల మనిషి గనుక గీతలు గీసి చక్కగా వ్రాసెను. ఇప్పుడు పోవుటకు గంటన్నర, వచ్చుటకు గంటన్నర. నెలకు 22 పని దినములు. అనగా నెలకు 66 గంటలు, సంవత్సరమునకు 792 గంటలు. రాత్రింబవళ్లు కలిపి లెక్కించినను 33 దినములు! మనుష్యుడు ఏడాదిలో ఒక నెలకు పైగా దారిలోనే గడపుచున్నాడన్నమాట. బీరంగూడకు మారినయెడల ఈ ప్రయాణము సగమగును, నెలకు 33 గంటలు మిగులును. ఆ 33 క్రింద అతడు రెండు గీతలు గీసెను. నడుము నొప్పియు, రక్తపు పోటును ఉన్న మనిషి. ఆ గీతలు చూచినప్పుడు నాకు జాలి కలిగెను.

భార్య పేరిట కూడ ఒక వరుస ఉండెను. "బస్సు: ఉచితం: 0" అని అందులో వ్రాసియుండెను. 2023 డిసెంబరులో తెలంగాణలో స్త్రీలకు ఆర్.టి.సి. బస్సులలో ఉచిత ప్రయాణము ఆరంభమైనది గదా, అందుచేత. ఆ వరుసలో ఇంకేమియు లేదు. ఆమె అప్పుడు మాకు టీ ఇచ్చి, ఖాళీ గ్లాసులు తీసికొని లోపలికి పోవుచుండెను.

మంచముపై కూర్చున్న ముసలితల్లిని నేనే అడిగితిని. "నాదేముందయ్యా, వీళ్లెక్కడుంటే నేనక్కడే" అనెను. సంతోషించితిని. ఆ తల్లికి అభ్యంతరము లేదని మనస్సులో వ్రాసికొంటిని.

ఆ దినమున నేను ఏ జవాబును ఇయ్యలేదు. జూలైలో కంటి పరీక్షకు హైదరాబాదు రావలసియున్నది, మీ ఇంటనే దిగెదను, అప్పుడు మాటలాడుకొందమని చెప్పితిని. వెంటనే జవాబు చెప్పకపోవుటకు కారణము నా సొంత ఇంటిలోనున్నది. దానిని తరువాత చెప్పెదను.

జూలైలో ఒక సోమవారము అతనితో కూడ బయలుదేరితిని. ఉదయము 7 గంటల 10 నిమిషములకు స్కూటరు. మెట్టుగూడలో దానిని నిలిపి మెట్రో ఎక్కితిమి. నాగోలునుండి రాయదుర్గము వరకు పోవు నీలి మార్గమది. 2019 చివర రాయదుర్గము స్టేషను తెరచినది మొదలు తూర్పు పేటల జనులకు అది గొప్ప ఉపకారము చేసెను. అయినను కూర్చుండుటకు చోటు లేదు. రాయదుర్గములో దిగి మరల ఆటోలో నలుగురితో ఇరుకుకొని ఆఫీసు గేటు చేరునప్పటికి 8 గంటల 40 నిమిషములు. 2024 మార్చిలో ఘట్‌కేసరునుండి మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లికి ఎం.ఎం.టి.ఎస్. బండి కూడ మొదలైనది గాని, దాని వేళలు తన పనివేళలకు కలియవని అతడు చెప్పెను. సాయంకాలము ఇల్లు చేరి బూట్లు విప్పుచు గోడకు ఆనుకొన్నవాడు అట్లే కునుకు తీసెను. కూతురు నోటుబుక్కు పట్టుకొని వచ్చి, చూచి, వెళ్లిపోయెను. ఈ దూరమును తేలికగా మాటలాడువారు ఒక వారము దానిని మోసి చూడవలెను.

పాత దినములలో ఈ భారము ఇంత కుటుంబము మీద పడెడిది కాదు. లాలాగూడలో రైల్వే కార్ఖానా పెట్టినవారు పనివారికి క్వార్టర్లు కట్టించిరి. 1960వ దశకములో రామచంద్రపురములో బి.హెచ్.ఇ.ఎల్. వచ్చినప్పుడు దాని వెంట ఒక ఊరే లేచెను. ఇండ్లు, బడి, ఆటస్థలము అన్నియు. సైరను మ్రోగినప్పుడు సైకిలెక్కినను పనికి అందుకొనెడివారు. పని ఇచ్చినవాడే దూరమును కూడ కొంత తన లెక్కలో వేసికొనెను. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరచిన తరువాత నగరమంతయు పడమటికి ఒరిగెను. మేడలు లేచినవి, జీతములు పెరిగినవి, కాని ఇల్లు ఎక్కడ చూచుకొందువో నీ ఇష్టమని చెప్పిరి. నీ ఇష్టము అను మాట వినుటకు స్వాతంత్ర్యమువలె ఉండును. దాని క్రింద దూరమంతయు మూటగట్టి ఇంటివారి నెత్తిన పెట్టబడినది.

మూట ఇంటిలోనికి వచ్చిన తరువాత దానిని ఎవరు ఎత్తుకొందురు? నా ప్రశ్న ఇది.

మరుసటి సాయంకాలము ఆమె డ్యూటీ కాగితము అడిగి తీసికొని, వంటింటి గడపపై కూర్చుండి నేనే లెక్క వేసితిని. ఆమెకు ఇప్పుడు ఆసుపత్రికి బస్సులో 20 నిమిషములు. బీరంగూడనుండి అయినయెడల గంటన్నర, అదియు వాన లేకున్న దినమున. పోనురాను దినమునకు రెండు గంటల 20 నిమిషములు అదనము. నెలకు 26 డ్యూటీలు. కూడగా 60 గంటలు దాటినది. అతనికి మిగులునవి 33, ఆమెకు తగులునవి 60! అతడు ఆ అంకెను చాలసేపు చూచెను. దుర్మార్గుడు కాడు, భార్యను ప్రేమించువాడు. కాని టిక్కెట్టు లేని ప్రయాణమునకు వెల లేదని తలంచెను.

"ఆమె జీతం చిన్నదే కదయ్యా, అవసరమైతే మానేస్తుంది" అని మెల్లగా అనెను. వంటింటిలో గరిటె చప్పుడు ఆగెను. ఆమె ఏమియు అనలేదు.

ఘట్‌కేసరు మాట తీసినయెడల లెక్క తిరుగబడును. ఆమెకు 50 నిమిషములు, అతనికి రెండు గంటలు. 158 కిలోమీటర్ల వలయ రహదారి ఘట్‌కేసరు ప్రక్కనుండి పోవుచున్నది నిజమే గాని, గచ్చిబౌలి ఆ వలయమునకు ఇంచుమించు ఎదుటి కొసనున్నది. కారు, పెట్రోలు, టోలు అన్నియు కలిపినయెడల మిగిలిన అద్దె అందులోనే పోవును. సొంత ఇంటిలో నిద్రించుటకు మాత్రము వచ్చు తండ్రి ఉండును.

పెద్ద ఇల్లు వచ్చును గదా, దూరమును ఓర్చుకొనవచ్చునని మనమందరము అనుకొందుము. స్విట్జర్లాండులో పనిచేసిన అలోయిస్ స్టుట్జర్, బ్రూనో ఫ్రే అను ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు జర్మనీ దేశపు కుటుంబముల జవాబులను పరిశీలించి 2008లో ప్రచురించిన వ్యాసములో, దూరపు ప్రయాణము చేయువారు తమ జీవితముతో తక్కువ తృప్తి కలిగియున్నట్లు కనబడెనని వ్రాసిరి. ఇల్లో జీతమో ఆ నష్టమును పూర్తిగా పూడ్చవలెను గదా. వారి లెక్కలో పూడ్చలేదు. నాకు తోచినది ఏమనగా, కొత్త గది ఆరు నెలలలో పాతబడును, దారి మాత్రము ప్రతి ఉదయమును కొత్తగానే ఎదురువచ్చును. చేసరె మార్కెట్టి అను ఇటలీ శాస్త్రజ్ఞుడు 1994లో వ్రాసిన వ్యాసము ప్రకారము మనుష్యుడు కాలినడకన తిరిగిన కాలములోను, వాహనములలో తిరుగు కాలములోను రాకపోకలకు దినమునకు ఇంచుమించు ఒక గంటయే వెచ్చించుచు వచ్చెను. వాహనము వేగమైనకొలది ఇల్లు దూరమగును, గంట మాత్రము మిగలదు. మన కుటుంబములు ఆ గంటను దాటి మూడింటికి వచ్చినవి.

ఇప్పుడు నా సొంత సంగతి.

పదునాలుగు సంవత్సరముల క్రిందట నాకు మూడు గ్రామముల సంఘములను అప్పగించిరి. నేను మండల కేంద్రములో అద్దెకుండి మోటారుసైకిలు మీద తిరుగవచ్చును, లేక పెద్ద గ్రామములోని పాస్టరు బంగళాలో ఉండవచ్చును. బంగళా అనగా పెంకుటిల్లు. మిషనువారి కాలమునాటి పేరు. నా భార్య మండల కేంద్రములో ఉపాధ్యాయురాలు. నేను బంగళాను ఎన్నుకొంటిని. కాపరి మందలో ఉండవలెనని సెమినరీలో మాకు నేర్పిరి, నేనును అట్లే నమ్మితిని. దూరప్రాంతములో నివసించుచు త్యాగముతో సేవ చేయుచున్నానని వార్షిక నివేదికలో కూడ వ్రాసికొంటిని. ఆ వాక్యము నాకు ఇప్పటికిని గుర్తున్నది, ఎందుకనగా దానిని రెండుసార్లు దిద్ది వ్రాసితిని.

ఆమె ఉదయము ఆరున్నరకు క్యారేజీ పట్టుకొని బయలుదేరి, అడ్డరోడ్డు వరకు నడచి, రెండు బస్సులు మారి బడికి పోవుచుండెను. రాత్రికి చేరుచుండెను. ఆరు సంవత్సరములు. మా చిన్నవాడు నడక నేర్చినది పొరుగింటి వారి యెదుట. ఒక వానాకాలపు రాత్రి బస్సు రాక ఆలస్యమై, నేను టార్చిలైటు తీసికొని అడ్డరోడ్డుకు వెళ్లితిని. ఇంటికి వచ్చుచుండగా నేను గ్రామమును మెచ్చుకొనుచు ఏదో చెప్పుచుంటిని. ఆమె కోపపడలేదు. "ఈ ఊరు మీకు బాగుందండీ. నాకు మాత్రం ఈ ఊరు చీకట్లోనే తెలుసు" అని మాత్రమే అనెను.

త్యాగము జరిగిన మాట నిజమే. అది నాది కాదు. మరియొకరి గంటలను బలిపీఠముపై పెట్టి, నా పేరు వ్రాయించుకొంటిని. ఆ తరువాత మండల కేంద్రమునకు మారితిమి. సంఘము చెడిపోలేదు, నేను మోటారుసైకిలుపై తిరిగితిని, నడుము నొచ్చినది, అంతే.

ఇది జరిగిన తరువాత ఆదికాండము 13వ అధ్యాయమును నేను చదువు రీతి మారెను. పూర్వము లోతును గురించి ప్రసంగించునప్పుడు అతని కన్నులను గురించి చెప్పెడివాడను. యొర్దాను మైదానపు పచ్చదనము చూచి మోసపోయెననియు, సొదొమవైపు గుడారము వేసికొనెననియు చెప్పి, నగరమునకు పోవు యౌవనులను హెచ్చరించెడివాడను. నగరమును సొదొమ అనుట ప్రసంగీకులకు సులభము. యిర్మీయా ప్రవక్త చెరపట్టబడిన జనులకు వ్రాసిన పత్రికను (29వ అధ్యాయము) మేము అంత సులభముగా తీయలేదు. అందులో పరదేశపు పట్టణములోనే ఇండ్లు కట్టుకొని, తోటలు నాటి, ఆ పట్టణపు క్షేమమును కోరుమని ఉన్నది.

ఇప్పుడు నా కన్ను అబ్రాము మీద నిలుచుచున్నది. అతడు పెద్దవాడు, పినతండ్రి, వాగ్దానము పొందినవాడు. ఆ కాలపు మర్యాద చొప్పున చూచినను మొదటి మాట అతనిదే. అతడు ఆ మొదటి మాటను తన చేతిలోనుండి తీసి చిన్నవాని చేతిలో పెట్టెను. నీవు ఎడమకు పోయినయెడల నేను కుడికి పోదునను భావముతో మాటలాడెను. మిగిలిన భూమి ఎట్టిదో అతనికి తెలియును. అయినను అట్లే చేసెను. లోతో, తన కన్నులెత్తి తానే చూచెను, తానే ఏర్పరచుకొనెను. తనతోనున్న వారిలో ఎవరినైనను అడిగినట్లు అక్కడ వ్రాయబడలేదు. అతని భార్యను మనము వెనుకకు తిరిగి చూచినందుకు మాత్రమే జ్ఞాపకముంచుకొంటిమి. ముందుగా ఆమెను ఎవరైనను ఏమైనను అడిగిరో లేదో! లేఖనము మౌనముగానున్న చోట సిద్ధాంతము కట్టరాదని మా అధ్యాపకులు చెప్పెడివారు, నేనును కట్టుట లేదు, తలంచుచున్నాను, అంతే. రూతు గ్రంథపు మొదటి అధ్యాయము ఇంకను స్పష్టముగానున్నది. కరవుచేత ఎలీమెలెకు భార్యను, ఇద్దరు కుమారులను తీసికొని మోయాబునకు పోయెను. ఎన్నిక అతనిది. తిరుగు ప్రయాణమును ముగ్గురి సమాధులు వెనుక విడిచి నయోమి నడచెను.

ఇట్లు చెప్పినప్పుడు మా పెద్దలలో ఒకరు అడ్డుచెప్పిరి. "అయ్యగారూ, భర్త ఇంటికి శిరస్సు గదా. అందరినీ అడుగుతూ కూర్చుంటే ఇల్లు ఎప్పటికి కదులుతుంది?" అనిరి. వారి మాట కొట్టివేయదగినది కాదు. ఎవరో ఒకరు తేల్చవలెను, ఎవరో ఒకరు మోయవలెను. అతని నడుము కూడ నడుమే. కాని ఇనుప బీరువాను మేడమీదికి ఎక్కించునప్పుడు చూచియున్నాము గదా. ఇద్దరిలో బలమైనవాడు క్రింది వైపు పట్టుకొనును, ఎందుకనగా బరువంతయు అక్కడికే జారును. పైనున్నవాడు దారి చూపుచు ఎక్కును. నేను శిరస్సును అని చెప్పుచు పైమెట్టుపై నిలిచి, బరువు క్రిందివారికి వదలుట శిరస్సు పని కాదు.

పిల్లల మాట ఇచ్చట పొడుగుగా వ్రాయను. స్నేహితులు పోయిరని వారు ఏడ్చినను ఏడాదిలో కొత్తవారు దొరకుదురు. అయితే పదవ తరగతి నడుమ బడి మార్చుట వేరు. అది చేయవద్దని ఖండితముగా చెప్పితిని. మరియు, గచ్చిబౌలి వైపు ఉన్నామని బంధువులకు చెప్పుకొను ముచ్చట కూడ ఈ లెక్కలలో ఎక్కడనో దాగియుండెనని నా అనుమానము. అతడు నవ్వెను, కాదనలేదు.

తిరిగి వచ్చుటకు ముందు నేను అతనిని ఒక్కటే కోరితిని. "బాబూ, ఒక రోజు ఆమె డ్యూటీ దిగే వేళకు ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి, అక్కడినుంచి బీరంగూడ వెళ్లిరా. నీ బండి మీద కాదు, బస్సులో." సాయంకాలపు డ్యూటీ 8 గంటలకు ముగిసినను, రాత్రివారికి రోగులను అప్పగించి బయటపడునప్పటికి ఎనిమిదిన్నర యగును. అతడు మాట తప్పలేదు. పటాన్‌చెరు పోవు బస్సు ఎక్కి, బీరంగూడలో దిగి, లోపలి కాలనీకి ఆటో కొరకు నిలిచి, తాము చూచియుంచిన ఇంటి గేటు చేరునప్పటికి 10 గంటల 35 నిమిషములు. అక్కడనుండియే నాకు ఫోను చేసెను. "అయ్యగారూ, చివరికి బస్సులో ఆడవాళ్లు ఇద్దరే మిగిలారు. ఇద్దరూ గేటు దగ్గరి సీట్లోనే కూర్చున్నారు" అనెను. ఇంకేమియు చెప్పలేకపోయెను. మరల మౌలాలి చేరునప్పటికి అర్ధరాత్రి దాటెనట.

ఆ రాత్రి అతడు భార్యను అడిగెను. ఏ వైపు అని కాదు; నీకు ఎట్లుండవలెనని అడిగెను. ఆమె బీరంగూడ అనలేదు, ఘట్‌కేసరు అనలేదు. మెట్టుగూడలో మెట్రో స్టేషనుకు నడచిపోగల దూరములో ఇల్లు చూడుదమనెను. స్కూటరు ప్రయాణము, దానిని నిలుపు చోటు వెదకుట తప్పినయెడల అతనికి పోనురాను ముప్పావుగంట కలిసివచ్చును, ఆమె ఆసుపత్రియు దగ్గరే, కొడుకు అదే బడికి ఒకే బస్సులో పోవచ్చును. అద్దె నెలకు 5,000 రూపాయలు ఎక్కువ, గది ఒకటి తక్కువ. ఘట్‌కేసరు స్థలము స్థలముగానే ఉండును. "ఇది నీకు ఇప్పుడే తోచిందా?" అని అతడు అడుగగా, "రెండేళ్లుగా అనుకుంటున్నా" అనెనట. మరి చెప్పలేదేమని అడుగుటకు అతనికి నోరు రాలేదని నాకు చెప్పెను.

నాకును తోచలేదు. తూర్పు, పడమర అని రెండు మాటలు అతడు నా యెదుట పెట్టగా, నేనును ఆ రెండింటి నడుమనే గంటలు లెక్కించుచు కూర్చుంటిని.

ఇల్లు దొరికినది. మూడవ అంతస్తు, లిఫ్టు లేదు. అడ్వాన్సు ఇయ్యబోవు ముందు అతడు తల్లికి ఫోనులో ఇంటి ఫొటోలు చూపెను. ఆమె మౌలాలి చర్చికి ఇప్పుడు కాలినడకన పోవుచున్నది, గుమ్మము ముందు కరివేపాకు చెట్టు తానే పెంచినది. వాటిని గురించి ఆమె ఏమియు అనలేదు. ఫొటోలన్నియు చూచి, "ఎన్ని మెట్లురా?" అని అడిగెనట.

ఎవరును లెక్కపెట్టలేదు. నెలకు ఎన్ని గంటలో, ఏడాదికి ఎన్ని దినములో లెక్కపెట్టిన మాలో ఒక్కరును ఆ మెట్లు లెక్కపెట్టలేదు. వసారాలో ఆమె చెప్పిన మాటను సమ్మతి అని వ్రాసికొన్నవాడను నేనే. అతడు అడ్వాన్సు ఇయ్యక ఆగెను. శనివారము తల్లిని వెంటబెట్టుకొని వెళ్లి, ఆమె ఎక్కగలిగినంతవరకు ఎక్కించి చూచి, నాకు ఫోను చేసెదనని చెప్పెను. అదే వీధిలో క్రింది వాటా ఏదైనను ఖాళీ అగునేమో ఆమెయే విచారించుచున్నదట, డ్యూటీకి పోవుచు వచ్చుచు.